యంత్రానికి అంకె, మనిషికి అక్షరం



ఈసారి టపాలో వ్యాకరణం లేదు, పాఠ్యప్రణాళిక లేదు. పెద్ద కవర్ల మీద విలాసాలు వ్రాయడం గురించి, వాటిని కట్టలుగా కట్టి తపాలా కార్యాలయానికి చేర్చడం గురించి వ్రాస్తున్నాను. ఇది కూడా తెలుగు పాఠమేనా అని మీరు అడగవచ్చు. పాఠమేనని నా నమ్మకం. చివరివరకు చదివి మీరే నిర్ణయించండి.

చెన్నై ఉత్తర భాగాన ఉన్న వాషర్‌మెన్‌పేట్‌లో నేను తెలుగు చెబుతున్నాను. మా పిల్లలు ఏటా ఒక సంచిక తయారు చేస్తారు. కథలు, పొడుపుకథలు, అమ్మమ్మలను అడిగి వ్రాసుకొన్న సామెతలు, బొమ్మలు అందులో ఉంటాయి. ఎ4 పరిమాణంలో నలభై పుటల పుస్తకం. దానిని మడవకుండా కవరులో పెట్టి మూడు వందలకు పైగా విలాసాలకు పంపుతాము. పూర్వ విద్యార్థులకు, చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్ళకు, హోసూరు, బళ్ళారి, షోలాపూరు, బరంపురం, ఖరగ్‌పూర్ వంటి ఊళ్ళలో తెలుగు చెప్పే మన సాటివారికి అవి వెళతాయి.

సెల్‌ఫోనులో పంపితే క్షణంలో చేరుతుంది కదా అని తల్లిదండ్రులు కొందరు అంటారు. పంపుతూనే ఉన్నాము. కాని ఫోనులో వచ్చినది ఫోను పట్టుకొన్న ఒక్కరికే చేరుతుంది. కాగితం మీద వచ్చినది ఇంటికి చేరుతుంది. కూడలిలో దుకాణం నడిపే తాతగారు, వంటింట్లో ఉన్న నాయనమ్మ, పక్క వాటాలోని తెలుగువారు, అందరి చేతులలోనూ అది పడుతుంది. 1947లో మద్రాసులో పుట్టిన చందమామను చదివి పెరిగిన తరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పుస్తకానికి చుట్టిన కాగితపు పట్టీ మీద నాన్నగారి పేరు చూసి, పట్టీ చింపే హక్కు ఎవరిదని అన్నదమ్ములు తగవులాడుకొన్న ఇళ్ళు ఎన్ని లేవు!

కొన్నేళ్ళ క్రితం మేము పంపిన కవర్లలో ఒక పెద్ద కట్ట తిరిగి వచ్చింది. మాకు తిరిగివచ్చిన ప్రతి కవరూ తెలుగుతో సంబంధం తెగిపోతున్న ఒక కుటుంబమే. తెలుగు విభాగంలో పిల్లల సంఖ్య ఏటేటా లెక్కపెట్టుకొనే చోట ఉద్యోగం చేసేవారికి ఆ బాధ తెలుస్తుంది. ఆ కట్టను అలమారలో పడవేయక, ఏడవ తరగతి పిల్లల ముందు పెట్టి, ఎందుకు తిరిగివచ్చాయో కనిపెట్టండర్రా అన్నాను. వాళ్ళు నేలమీద కూర్చొని వాటిని మూడు కుప్పలు చేశారు.

మొదటి కుప్పలోనివి ఇల్లు మారిన కుటుంబాలవి. మా ప్రాంతంలో అద్దె ఇళ్ళవారు ఎక్కువ. తరచుగా చిరునామా మారుతుంది. రెండవ కుప్పలోని వాటి మీద పిన్ సంఖ్య ఎవరికీ పోలిక తెలియని విధంగా ఉన్నది. ఒకటో ఏడో, నాలుగో తొమ్మిదో చెప్పలేము. మూడవ కుప్ప విచిత్రమైనది. వాటి మీద ఇల్లు లేదని గాని, మనిషి లేడని గాని ఎవరూ వ్రాయలేదు. విలాసం సరిగానే ఉన్నది. అయినా మా పేటకే తిరిగి వచ్చాయి. ఒక అమ్మాయి వాటిని చాలాసేపు తిప్పి చూసి, "టీచర్, దీని మీద రెండు పిన్‌లు ఉన్నాయి. మన బడిదే పెద్దగా ఉంది" అన్నది. ముద్రణాలయంవారు ఇచ్చిన ఆ కవర్ల మీద పాఠశాల పేరు, దాని కింద 600021 అన్న సంఖ్య లావు అచ్చులో ఉన్నాయి. చేరవలసిన ఊరి సంఖ్య మాత్రం పిల్లల చేతివ్రాతలో సన్నగా ఒక మూల ఉన్నది. వచ్చిన కారణం అదేనని నేను సాక్ష్యం చెప్పలేను. కాని ఆ అమ్మాయి ప్రశ్న మమ్మల్ని యంత్రం దగ్గరికి తీసుకొని వెళ్ళింది.

ఉత్తరాలను మనుషులే గళ్ళ అరల ముందు నిలబడి వేరు చేసిన రోజులు చాలామందికి తెలుసు. రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసినవారు నడిచే బండిలోనే ఆ పని చేసేవారు. మన దేశంలో ఉత్తరాలను యంత్రాలతో వేరుచేసే కేంద్రం 1993లో ముంబయిలోనూ, 1996లో మన చెన్నైలోనూ వచ్చింది. తరువాత ఢిల్లీ, కోల్‌కతా నగరాలలో కొత్త తరం యంత్రాలు పెట్టారు. వాటిలో ఒక రకం చిన్న ఉత్తరాలకు, మరొక రకం మన సంచిక వంటి పెద్ద బల్లపరుపు కవర్లకు, చిన్న పొట్లాలకు. ప్రతి ఉత్తరమూ యంత్రం చేతికే వెళుతుందని కాదు. ఏది వెళుతుందో పంపేవారికి తెలియదు గనుక అన్నిటినీ యంత్రానికి తగినట్లు సిద్ధం చేయడమే తెలివైన పని. పైగా యంత్రానికి సులభమైన కవరు మనిషికి మరింత సులభం.

యంత్రం చేసే పని మూడు మాటలలో చెప్పవచ్చు. మొదట అది కట్టలోంచి ఒక్కొక్క కవరును విడదీసి లాగుతుంది. తరువాత దాని ముఖాన్ని ఫోటో తీసి, విలాసం ఎక్కడ ఉన్నదో వెదికి, అందులో పిన్ సంఖ్యను చదువుతుంది. చదవగలిగితే ఆ సంఖ్యకు చెందిన అరలోకి కవరును తోస్తుంది. చదవలేకపోతే ఆ బొమ్మ ఒక ఉద్యోగి ఎదుట ఉన్న తెర మీదికి వెళుతుంది. ఆయన చూసి సంఖ్యను మీటల మీద కొడతారు. ఆయనకూ తెలియకపోతే కవరు పక్కకు తప్పుకొని, చేతితో వేరుచేసేవారి కోసం ఎదురుచూస్తుంది. ఇదంతా గంటకు వేల కవర్ల వేగంతో జరుగుతుంది. మన పిల్లవాడి అక్షరానికి అక్కడ దొరికేది రెప్పపాటు కాలం.

చిన్న ఉత్తరం బిగువుగా నిలబడుతుంది. పెద్ద కవరు అలా కాదు. అది వంగుతుంది, దాని మూల ముడుచుకొంటుంది, తెరచి ఉన్న మూత పక్క కవరును పట్టుకొంటుంది. అందుకే దేశదేశాలలో తపాలా శాఖలు పెద్ద కవర్లకు విడిగా కొలతలు పెట్టుకొన్నాయి. అమెరికాలో పొడవు 15 అంగుళాలు, వెడల్పు 12 అంగుళాలు, మందం ముప్పావు అంగుళం దాటరాదు. అంతేకాదు, కవరు కొంత వంగగలగాలి, మందం అంతటా సమంగా ఉండాలి. బ్రిటనులో పెద్ద ఉత్తరానికి హద్దు 353 మిల్లీమీటర్ల పొడవు, 250 వెడల్పు, 25 మందం, 750 గ్రాముల బరువు. అక్కడి మన తెలుగు సంఘాలవారు పత్రికలు పంపేటప్పుడు ఈ కొలతలకు లోబడే పంపుతారు. మన ఎ4 సంచిక ఈ రెండిటిలోనూ హాయిగా ఇముడుతుంది.

ఇక పిన్ సంఖ్య సంగతి. దీనిని మా పిల్లలకు ఒక పూర్తి పాఠంగా చెబుతాను. మన దేశంలో ఇది 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దీనిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో ఉన్నతాధికారి. ఆయన సంస్కృత కవి కూడా. భాషను ప్రేమించినవాడే భాషల గొడవ లేని ఒక గుర్తును దేశానికి ఇచ్చాడు. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం, పేర్లను వ్రాసే తీరులు అనేకం, లిపులు అనేకం. వీటన్నిటినీ దాటి ఉత్తరం చేరాలంటే అందరికీ తెలిసిన అంకెలే దారి అయ్యాయి.

ఆరు అంకెలలో మొదటిది దేశంలోని మండలాన్ని చెబుతుంది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. 6 అంటే తమిళనాడు, కేరళ ప్రాంతం. మొదటి మూడు అంకెలు కలిపితే ఉత్తరాలను వేరుచేసే జిల్లా తెలుస్తుంది. చివరి మూడు అంకెలు ఉత్తరాన్ని ఇంటికి పంచే తపాలా కార్యాలయానివి. 600021లో 600 చెన్నై, 021 మా పేట.

ఆ 21 ఎక్కడిదో చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. పిన్ రాకముందు నుంచే నగరాన్ని తపాలా శాఖ సంఖ్యలతో విభజించింది. పాత తెలుగు పుస్తకాల అట్ట లోపల మద్రాసు-1, మద్రాసు-17 అని ఉండడం మీరు చూసే ఉంటారు. మాది మద్రాసు-21. ఆ పాత సంఖ్యే కొత్త సంఖ్య తోకలో నిలిచిపోయింది. మద్రాసు 1996లో చెన్నై అయినది. 2014లో రాష్ట్రం రెండై హైదరాబాదు తెలంగాణలో ఉన్నది. పేర్లు మారినా సంఖ్యలు మారలేదు. ఈ రోజుకూ ఎవరైనా హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్ అని అలవాటుగా వ్రాసినా, 500001 అని వ్రాస్తే ఉత్తరం దారి తప్పదు.

మా పేటకే మూడు పేర్లు. ఈస్టిండియా కంపెనీ ఎగుమతి చేసే బట్టలను ఉతికి, ఆరవేసి, తెల్లబరచే వృత్తివారు నివసించినందున ఆంగ్లంలో వాషర్‌మెన్‌పేట్, తమిళంలో వణ్ణారప్పేట్టై. మా పాతతరం తెలుగువారి నోట చాకలిపేట. ఆంగ్లంలో కూడా దీనిని నాలుగు విధాలుగా వ్రాస్తారు. ఒక్కొక్క రశీదు మీద ఒక్కొక్క తీరు. పేరును నమ్ముకొన్న యంత్రం తికమక పడుతుంది. సంఖ్యను నమ్ముకొన్నది పడదు.

ఇంకొక సంగతి. పిన్ సంఖ్య పేట పేరుకు చెందినది కాదు, ఉత్తరం పంచే కార్యాలయానికి చెందినది. తండయార్‌పేట అని చెప్పుకొనే ఇంటికి 81 ఉండవచ్చు, రెండు వీధులు ఇవతల 21 ఉండవచ్చు. కాబట్టి బడి రిజిస్టరులో పేటపేరు చూసి సంఖ్యను ఊహించి వ్రాయరాదు. ఇంటికి వచ్చిన బ్యాంకు ఉత్తరమో, కరెంటు రశీదో చూసి వ్రాసుకొని రమ్మని పిల్లలకు చెబుతాను. నూటికి తొంభై సందేహాలు అక్కడే తీరతాయి.

ఇప్పుడు మేము కవర్లను సిద్ధం చేసే విధానం చెబుతాను. ఇది మీలో పత్రికలు, ఆహ్వానాలు, ప్రవేశ ప్రకటనలు పంపేవారికి పనికివస్తుందని ఆశ.

1. అన్ని కవర్లూ ఒకే కొలతవి, ఒకే రంగువి తీసుకొంటాము. తెలుపు గాని, లేత గోధుమరంగు గాని మేలు. ముదురు రంగు మీద సిరా కనిపించదు. మెరిసే ప్లాస్టిక్ తొడుగు దీపం వెలుగును వెనక్కి కొట్టి అక్షరాన్ని దాచివేస్తుంది.

2. లోపల సంచిక ఒక్కటే పెడతాము. గుండుసూదులు, క్లిప్పులు, నాణేలు, పెన్నులు పెట్టము. ఎక్కడ ఉబ్బు ఉంటుందో అక్కడ యంత్రం కవరును చింపుతుంది. పిల్లలు సంచికతో పాటు బహుమతిగా పెన్సిలు పెడదామంటారు. అది బడికి వచ్చి తీసుకోవలసినదే.

3. కవరు మూతను అంటించవలసినచోట అంచు పొడవునా అంటిస్తాము. తెరచి ఉంచవలసినచోట మూతను లోపలికి దోపుతాము. బయటకు వేలాడే మూత ఉండరాదు. దారం కట్టము, కవరుకు రబ్బరుబ్యాండు వేయము.

4. కవరును అడ్డంగా పెట్టి, పొడవైన అంచుకు సమాంతరంగా, కుడి సగంలో విలాసం వ్రాస్తాము. పిన్ సంఖ్య చివరి పంక్తిలో. దాని చుట్టూ వేలెడు ఖాళీ. దాని కింద గీతలు, పువ్వులు, "త్వరగా చదవండి" వంటి మాటలు ఏవీ ఉండవు.

5. పంపేవారి విలాసం కవరు వెనుకవైపున చిన్న అక్షరాలలో. ముందు ముఖం మీద ఒకే ఒక పిన్ సంఖ్య ఉండాలి. మూడవ కుప్ప నేర్పిన పాఠం ఇది.

6. అంకెలు నల్ల సిరాతో, ఒకదానికొకటి తగలకుండా. ఒకటికి ముక్కు పెట్టరాదు, ఏడుకు స్పష్టమైన అడ్డగీత ఉండాలి. నాలుగు నెత్తి మూసుకొంటే తొమ్మిది అవుతుంది. సున్నా నోరు తెరిస్తే ఆరు అవుతుంది. మా సంఖ్యలోనే మూడు సున్నాలు ఉన్నవి గనుక మా పిల్లలకు ఈ సాధన తప్పదు.

తెలుగు అంకెల మాట కూడా చెప్పాలి. ఒకటి నుంచి పది వరకు తెలుగు అంకెలను నేను తప్పక నేర్పుతాను. అవి మన లిపి సంపద. నేర్చుకొన్న ఉత్సాహంలో పిల్లలు వాటిని కవరు మీద వ్రాస్తామంటారు. సంచికలో పుటల సంఖ్యలుగా వ్రాయండి, కవరు మీద వద్దంటాను. పుటను తిప్పేది మన పాఠకుడు. కవరును తిప్పేది ఖరగ్‌పూర్‌లోని బెంగాలీ సోదరుడో, మన చెన్నైలోని యంత్రమో.

ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. మా బడిలో ఒక సాటి ఉపాధ్యాయుడు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. విలాసాలన్నీ కంప్యూటరులో ఎక్కించి, ఆంగ్లంలో అచ్చుచీటీలు తీసి అంటిస్తే అరగంటలో పని ముగుస్తుంది, యంత్రానికీ సుఖం అన్నారు. ఆయన చెప్పినదానిలో తప్పు లేదు. కాని ఆ మాట విన్న పిల్లల ముఖాలు చిన్నబోయాయి. "మరి మేము తెలుగులో ఏం రాయాలి?" అని ఒకడు అడిగాడు. లోపల నలభై పుటలు తెలుగే కదరా అనవచ్చు. కాని కవరు మీద తెలుగు లేకపోతే, పోస్టుమేన్ చేతి నుంచి గుమ్మం వరకు అది తెలుగు ఇంటికి వచ్చిన తెలుగు కవరు అని ఎవరికీ తెలియదు. వాడి ప్రశ్న న్యాయమైనది.

రెండు వైపుల మాటలూ విని మేము పని పంచుకొన్నాము. ఇంటి సంఖ్య, వీధి, పేట, ఊరు, రాష్ట్రం, పిన్ సంఖ్య ఆంగ్లంలో, పెద్ద అక్షరాలలో, అచ్చుచీటీ మీద. ఆ చీటీకి ఎడమవైపున, విలాసంతో కలవకుండా, మనిషి పేరు తెలుగులో పిల్లల చేతివ్రాతలో. చీటీలో కూడా పేరు ఆంగ్లంలో ఉంటుంది గనుక ఉత్తరం పంచేవారికి ఇబ్బంది లేదు. యంత్రం తనకు కావలసిన అంకెను చీటీలో చదువుకొంటుంది. మనిషి తన పేరును తన లిపిలో చదువుకొంటాడు. ఎవరి చోటు వారిది.

ఆ ఒక్క పంక్తి వ్రాయించడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. ఎందుకో మీకు తెలుసు. పేరు వ్రాయడమంటే సంబంధం వ్రాయడం. పెద్దవారికి శ్రీ, శ్రీమతి. చిన్నవారికి చిరంజీవి. వెనుక గారికి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా, తమిళంలోనూ ఆంగ్లంలోనూ పేర్లు వ్రాసి అలవాటు పడి, గారు అనే మాటను కాగితం మీద ఎన్నడూ పెట్టి ఉండరు. "గారికి" అని వ్రాసినప్పుడు ఆ "కి" ఏమి చేస్తున్నదో చెప్పాను. షష్ఠీ విభక్తిని ఎన్ని ఉదాహరణలతో చెప్పినా రానిది, మూడు వందల కవర్లతో వచ్చింది. ఎవరికి ఇస్తున్నామో వారికే ఆ విభక్తి. మహారాజశ్రీ, బ్రహ్మశ్రీ, తీర్థరూపులు వంటి పాత సంబోధనలు చెబితే పకపక నవ్వారు. నవ్వినా గుర్తుపెట్టుకొన్నారు.

పేర్ల వర్ణక్రమం కూడా ఒక పరీక్షే. ఆంగ్లంలో ఒకే విధంగా వ్రాసే పేరు తెలుగులో రమా అవుతుందా, రామా అవుతుందా? ణ ఉన్నదా, న ఉన్నదా? తెలియకపోతే ఇంటికి వెళ్ళి అడిగి రావాలి. అడిగి వచ్చినవాళ్ళు తమ ఇంటిపేరును తెలుగులో మొదటిసారి సరిగా వ్రాసుకొన్న సందర్భాలు ఉన్నాయి.

చీటీలు అంటించిన తరువాత కవర్లను వేరుచేసే పని. ఇది లెక్కల పీరియడు, భూగోళం పీరియడు కలిసిన పని. బల్లలు జరిపి తరగతి గదినే తపాలా కేంద్రంగా చేస్తాము. మొదట మొదటి అంకె ప్రకారం నాలుగు కుప్పలు. 4 అన్నచోట షోలాపూరు, 5 అన్నచోట మన రెండు రాష్ట్రాలు, బళ్ళారి, 6 అన్నచోట చెన్నై, హోసూరు, 7 అన్నచోట బరంపురం, ఖరగ్‌పూర్. తరువాత ఒక్కొక్క కుప్పలో మొదటి మూడు అంకెలు చూసి మళ్ళీ విడదీస్తారు. 517 తిరుపతి వైపు, 524 నెల్లూరు వైపు. ఎక్కువ కవర్లు ఉన్న 600ను చివరి మూడంకెలతో విడదీస్తారు. 021 మా పేట, 013 రాయపురం, 081 తండయార్‌పేట, 039 వ్యాసర్‌పాడి. తెలుగువారు ఎక్కడెక్కడ ఉన్నారో పటం మీద చూపిస్తే పిల్లలు ఆవులిస్తారు. చేతిలో కవరు ఉంటే "టీచర్, షోలాపూర్‌లో తెలుగువాళ్ళు ఎందుకున్నారు?" అని అడుగుతారు. మగ్గాల పనికి తరలిపోయిన పద్మశాలీల కథ, ఖరగ్‌పూర్ రైలు ఉద్యోగాలకు వెళ్ళినవారి కథ అప్పుడు చెబితే చెవికి ఎక్కుతుంది.

కట్టలో కవర్లన్నీ ఒకే ముఖంగా, ఒకే తలకట్టుగా ఉండాలి. స్టాంపు మూలలన్నీ ఒకచోట. ప్రతి కట్ట మీద ఒక చీటీ, దాని మీద మొదటి మూడంకెలు, కవర్ల సంఖ్య. కట్టను మరీ లావు చేయరాదు. ఒక చేతితో పట్టుకోగలిగినంత చాలు. కట్టకు దారం చాలు. అది పైకి తీసివేసేది గనుక యంత్రంలోకి పోదు. ఇలా తీసుకొని వెళ్ళిన రోజున కౌంటరులో ఉన్న పెద్దాయన కట్టలను తిప్పి చూసి, ఇది ఎవరు చేశారమ్మా అని తమిళంలో అడిగారు. వెనుక నిలబడ్డ ఇద్దరు పిల్లలను చూపించాను. ఆయన వాళ్ళను లోపలికి పిలిచి, ముద్ర వేసే చోటు చూపించారు.

పంపేముందు కౌంటరులో రేట్లు, నియమాలు అడగండి. ఈ మధ్యకాలంలో చాలా మారినవి. రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపివేశారు. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే సేవ మొదలైనది. చదువుకు పనికివచ్చే పుస్తకాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు మొదలు రేటుగా పెట్టారు, పన్నులు అదనం. కాని వాణిజ్య ప్రకటనలు ఉన్నవాటికి, నియతకాలిక పత్రికలకు అది వర్తించదు. మా సంచిక చివరి పుటలో బట్టల దుకాణాలవారి ప్రకటనలు ఉంటాయి. ముద్రణ ఖర్చు వారి వల్లనే గట్టెక్కుతుంది. కాబట్టి సంచికకు మామూలు దారి, తెలుగు వాచకాలు పంపుకొనేటప్పుడు జ్ఞాన్ పోస్ట్ అని వేరు చేసుకొన్నాము. 2025లోనే డిజిపిన్ అనే పది గుర్తుల కొత్త విలాసం కూడా వచ్చింది. హైదరాబాదు ఐఐటీవారి తోడ్పాటుతో తయారైన ఇది దేశాన్ని నాలుగు మీటర్ల గళ్ళుగా విభజించి ప్రతి గడికి ఒక గుర్తు ఇస్తుంది. అది వచ్చినంతమాత్రాన పిన్ పోలేదు. కవరు మీద ఆరు అంకెలు వ్రాయవలసిందే.

చివరగా ఒక కవరు సంగతి చెబుతాను. కొరుక్కుపేటలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె మనుమడు మా దగ్గర చదివి వెళ్ళాడు. సంచికను ఆ పిల్లవాడి పేరున కాక ఇంట్లో పెద్దవారి పేరున పంపాలని మా తరగతి నిర్ణయించినందున, ఆ సంవత్సరం కవరు మీద ఆమె పేరు, గారికి అని తెలుగులో వెళ్ళింది. రేషను కార్డు నుంచి ఆసుపత్రి చీటీ వరకు ఆమె పేరు తమిళంలోనో, ఆంగ్లంలోనో ఉంటుంది. ఆమె చదువుకొన్నది మూడవ తరగతి వరకు తెలుగు మాత్రమే. తన పేరును ఇతరులు చదివి చెప్పడమే గాని, ఇంటికి వచ్చిన కాగితం మీద తానే చదువుకొన్నది అరుదు. తరువాతి జూన్ నెలలో చిన్న మనుమరాలిని తెలుగు విభాగంలో చేర్చడానికి ఆమే వెంటబెట్టుకొని వచ్చారు. కవరు వల్లనే వచ్చారని నేను అనను. ఇంటి విలాసానికి రుజువు ఏమి తెచ్చారమ్మా అని అడిగితే, సంచిలోంచి ఇతర కాగితాలతో పాటు ఆ కవరును కూడా తీసి బల్లమీద పెట్టారు. "ఇది మీ పిల్లలు రాసిందే కదమ్మా, ఇది చాలదా?" అన్నారు.

ఈ సంవత్సరం మీ బడిలో సంచిక వేస్తుంటే, అచ్చుకు ఇచ్చేముందే విలాసాల పుస్తకం తెరవండి. పిన్ సంఖ్య లేని ఇళ్ళకు పిల్లలను పంపి తెప్పించండి. ప్రతి ఇంట పెద్దవారి పేరు తెలుగులో ఎలా వ్రాస్తారో అడగమనండి. మీ దగ్గర ఇంతకంటె మంచి పద్ధతి ఉంటే నాకు వ్రాయండి. కార్డు ముక్క అయినా సరే. విలాసం చివర 600021 అని వేయడం మాత్రం మరువకండి.